పరీక్ష ఆమెకు మాత్రమేనా?
సానపట్టే ముందు వజ్రాన్ని అన్ని వైపులా పరిశీలించడం సూరత్‌లోని కతర్‌గామ్ కార్ఖానాల్లో నిత్యకృత్యం. పిల్లలు కలగకపోతే మాత్రం చాలా ఇళ్లలో చూపు కోడలి మీదే ఆగిపోతుంది.

ఏడాది ప్రయత్నించినా, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, గర్భం రాకుంటే ఇద్దరికీ పరీక్షలు మొదలుకావాలి. ఆమెకు అండం విడుదల, హార్మోన్లు, గర్భాశయం చూస్తారు. ఫెలోపియన్ నాళాలు మూసుకుపోయాయేమో తెలుసుకునేందుకు రంగుద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. భారత్‌లో ఆ నాళాలు దెబ్బతినడానికి ఒక ముఖ్య కారణం జననాంగ క్షయ. దగ్గు లేకుండానే రావచ్చు. మందులతో క్షయ నయమైనా నాళాలు బాగుపడతాయన్న హామీ లేదు.

భర్తకు చేసే వీర్యపరీక్ష చవక, తేలిక. దాదాపు సగం జంటల్లో లోపం పురుషుడిలోనూ ఉంటుంది. అయినా వాయిదా పడేది ఆ పరీక్షే. ఈలోగా కరిగిపోయేది ఆమె వయసు.