రెండో కారుకి కూడా షోరూమేనా?

మన ఐటీ జనాల్లో ఒక వింత ఆచారం మొదలైంది. ఇంట్లో ఒక కారు ఆల్రెడీ వుంటుంది. రెండోది అవసరమే, కాదనను. ఆయన కారేసుకుని పొద్దున్నే గచ్చిబౌలి వెళ్ళిపోతాడు. ఆవిడ పిల్లని స్కూల్లో దింపి మాదాపూర్లో ఇంకో ఆఫీసుకి పోవాలి. అత్తగారిని నెలకోసారి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇంతవరకూ బాగానే వుంది. కానీ ఈ అవసరం తీరటానికి మనవాడు ఎంచుకునేది ఏమిటయ్యా అంటే... సన్‌రూఫ్ వున్న పన్నెండు లక్షల కాంపాక్ట్ ఎస్‌యూవీ! అదీ మొదటి కారు మీద ఇంకా రెండేళ్ళ ఈఎంఐ మిగిలి వుండగానే.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. రెండో కారంటే సెకండ్ హాండ్ పెట్రోల్ హాచ్‌బాక్ అయి వుండాలి. చిన్నది, చవకది, మీ వీధి చివర మెకానిక్కు కళ్ళు మూసుకుని విప్పి బిగించగలిగేది. మిగతావన్నీ మొదటి కారు దగ్గర తీర్చుకోవాల్సిన సరదాలు.

ముందు లెక్క చూద్దాం. పది లక్షలు లోను, తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్ళు. నెలకి సుమారు 16,090 రూపాయలు. ఏడేళ్ళలో కట్టేది పదమూడున్నర లక్షలు. అంటే వడ్డీ ఒక్కటే మూడున్నర లక్షలు. ఆ వడ్డీ డబ్బులతోనే ఒక శుభ్రమైన పాత వాగనార్ ఇంటికొచ్చేస్తుంది! పైగా ఈ రెండో బండి తిరిగేదెంత? పనిరోజుకి ఇరవై కిలోమీటర్లు వేసుకున్నా ఏడాదికి ఆరు వేలు దాటదు. దానికోసం నెలకి పదహారు వేలు బాంకుకి కట్టటం అంటే మన పెద్దవాళ్ళు అప్పు చేసి పప్పు కూడు అన్నది దీన్నే.

ఇంకో సంగతి. ఒకే మనిషి పేరు మీద రెండో బండి కొత్తది కొంటే మన దగ్గర లైఫ్ టాక్స్ ఇంకో రెండు శాతం ఎక్కువ. అదే రాష్ట్రంలో రిజిస్టరైన పాత బండి పేరు మార్చుకుంటే లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టక్కర్లేదు. మొదటాయన ఎప్పుడో కట్టేశాడు.

సరే, ఎదురు వాదనలకి వద్దాం.

ఒకటి: "ఇంకొకడి తలనొప్పి మనకెందుకు?" ఇది అన్నిటికన్నా పాత డైలాగు. బగ్గులన్నీ బయటపడి, పదేళ్ళు ప్రొడక్షన్లో నలిగిన కోడు నమ్మకమైనదా, నిన్న రిలీజైన వెర్షన్ నమ్మకమైనదా? ఈ ప్రశ్నకి ఆఫీసులో ఠక్కున సరైన జవాబు చెప్పేవాడు షోరూముకెళ్ళేసరికి మర్చిపోతాడు. 2010లో వాగనార్‌లోకి వచ్చిన 998 సీసీ కె-సిరీస్ ఇంజను మన రోడ్ల మీద ఎన్ని ఎండలు, ఎన్ని వానలు చూసిందో లెక్కలేదు. దానికి టైమింగ్ చైనే వుంటుంది కాబట్టి లక్ష కిలోమీటర్లకి బెల్టు మార్చే గొడవ కూడా లేదు. ఆల్టో కె10 అయినా, గ్రాండ్ ఐ10 1.2 పెట్రోల్ అయినా అదే బాపతు. క్లచ్చి ప్లేటు అరిగినా, సస్పెన్షన్ బుష్షులు పోయినా ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి.

అయితే "పాతది" అన్న ప్రతిదానికీ నేను ఓటెయ్యను. షెవర్లే 2017 ఆఖరుకి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డు ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. దాట్సన్ 2022లో మూటాముల్లె సర్దుకుంది. ఈ బళ్ళు చవగ్గా దొరుకుతాయి, నిజమే. కొన్ని నడపటానికి బ్రహ్మాండంగా వుంటాయి కూడా. కానీ రెండో కారుకి ముఖ్యమైన గుణం సోమవారం పొద్దున ఎనిమిదింటికి స్టార్టవటం. స్పేరు పార్టు కోసం వారం రోజులు షెడ్డులో పడుకునే బండి ఎంత చవకైనా దండగే. డీజిలు కూడా వద్దు. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లలో మైలేజి మిగిల్చేదెంత? టర్బోనో ఇంజెక్టరో ఒక్కసారి మొరాయిస్తే ఆ మిగులు, దాంతోపాటు ఇంకొంత, పోతుంది.

రెండు: "జీఎస్టీ తగ్గింది కదా, కొత్తదే కొనొచ్చుగా?" ఇది మాత్రం బలమైన వాదనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అప్పుడు ఆల్టో కె10 బేస్ మోడల్ ఎక్స్ షోరూం ధర నాలుగు లక్షల లోపుకే వచ్చింది. అలాంటప్పుడు ఏడేళ్ళు వాడిన స్విఫ్టుకి ఐదు లక్షలు అడిగేవాడిని చూసి నవ్వి లేచి వచ్చెయ్యాలి. నేను పెట్టుకున్న సూత్రం ఇది: పాత బండి ధర, వెంటనే చేయించాల్సిన రిపేర్లు, టైర్లు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఒక కొత్త బేస్ మోడల్ ఆన్ రోడ్ ధరలో మూడింట రెండొంతులు దాటకూడదు. దాటిందా, కొత్త ఆల్టో కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవ కొత్త ఆల్టోతో కాదు, రెండో కారు పేరుతో వచ్చే సన్‌రూఫుతో. అయినా కొత్త ధరలు తగ్గితే పాత ధరలూ తగ్గాలి కదా? డీలర్లు ఆ మాట మీకు చెప్పరు. మీరే అడగాలి.

మూడు: "సేఫ్టీ మాటేమిటి?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి దణ్ణం. దీనికి నా దగ్గర డొంకతిరుగుడు జవాబు లేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన చిన్న కార్లని గోడకి గుద్దించి చూస్తే ఆల్టో 800, ఐ10, నానో లాంటివన్నీ సున్నా తెచ్చుకున్నాయి. 2019 మోడల్ వాగనార్‌కి కూడా వచ్చింది రెండు స్టార్లే. కాబట్టి ఈ బండిలో విజయవాడ హైవే ఎక్కి నూట ఇరవైలో పొమ్మని నేను ఎవరికీ చెప్పను. హైవేకి మొదటి కారు వుంది. కానీ ఊళ్ళో తిరగటానికైనా సరే, ఎయిర్‌బాగూ ఏబీఎస్సూ లేని బండి తీసుకోవద్దు. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బాగ్ అన్ని కార్లకీ తప్పనిసరి చేశారు. 2021 చివరికల్లా ముందు సీట్లు రెండిటికీ ఎయిర్‌బాగులు తప్పనిసరయ్యాయి. అంతకు ముందు బళ్ళలో కూడా కొన్నిటికి, పేరు చివర "ఓ" అని బ్రాకెట్లో వున్న ఆప్షనల్ వేరియంట్లలో, ఇవి దొరుకుతాయి. వెతకండి. ఇరవై వేలు తక్కువని ఎయిర్‌బాగు లేనిది కొని, మిగిలిన డబ్బుతో టచ్ స్క్రీన్ పెట్టించే మహానుభావులున్నారు చూడండి... వాళ్ళకి నేనేం చెప్పలేను.

నాలుగు: "ఇంత జీతం పెట్టుకుని పాత వాగనారా? బాగోదు." ఎవరికి బాగోదు? అపార్టుమెంటు వాచ్‌మన్‌కా? వచ్చే జీతం బళ్ళకి కాకుండా ఇంకేదైనా పనికి మిగలటం కూడా బాగోటమే.

ఐదు: "బస్సూ మెట్రో వున్నాయిగా, ఇంకో కారు రోడ్డు మీదకెందుకు?" ఇలా అడిగేవాళ్ళని గౌరవిస్తాను. మెట్రో 2017 నవంబరులో వచ్చింది, 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వుంది. మీ ఇల్లు, ఆఫీసు, స్కూలు ఆ దారిలోనే వుంటే రెండో కారే కొనొద్దు, అంతకన్నా చవకైనది ఏదీ లేదు. కానీ స్టేషన్ నుంచి నాలుగు కిలోమీటర్లు లోపల వుండే గేటెడ్ కమ్యూనిటీలో, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో, ఒంటి గంటకి స్కూలు వదిలే పిల్లతో బతికే మనిషికి ఈ సలహా ఇచ్చేముందు ఒక వారం ఆవిడ రొటీను మీరు చేసి చూడండి.

ఇప్పుడు కొనే పద్ధతి గురించి. పైన పటారం లోన లొటారం అనే సామెత సెకండ్ హాండ్ కార్ల కోసమే పుట్టిందేమో. ఆ మధ్య ఒక చోట (పేరు అనవసరం) వందల పాయింట్ల ఇన్స్‌పెక్షన్ రిపోర్టుతో మెరిసిపోతున్న బండిని చూపించారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే లోపలి భాగం అంతా ఎండిన బురద చార! వరదలో మునిగిన బండి అది. రిపోర్టులో సీటు బెల్టుకి పచ్చ టిక్కు వుంది. బెల్టు పనిచేస్తోంది కదా మరి! 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. ఆ బళ్ళన్నీ తుక్కుకి పోయాయనుకుంటున్నారా?

అందుకని రిపోర్టులు పక్కన పెట్టి ఈ పనులు చెయ్యండి. ఇంజను చల్లగా వున్నప్పుడే వెళ్ళండి, ముందే వేడి చేసి పెడితే ఇంకోరోజు వస్తానని చెప్పండి. మొదటి స్టార్టులోనే పొగ, శబ్దం తెలిసిపోతాయి. ఆయిల్ మూత తీసి చూడండి, పాలమీగడలా ఏమైనా కనిపిస్తే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానించాల్సిందే. స్టెప్నీ కింద, కార్పెట్ కింద తడిమి చూడండి. బానెట్ బోల్టుల మీద పెయింటు చెదిరి వుంటే ఎవరో విప్పారు, ఎందుకు విప్పారో అడగండి. టైరు మీద నాలుగంకెల కోడ్ వుంటుంది, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. మీటరు ముప్ఫై వేలే చూపిస్తూ పెడల్ రబ్బర్లు అరిగిపోయి వుంటే ఆ మీటరు అబద్ధం ఆడుతోంది. సర్వీస్ హిస్టరీ కంపెనీ వర్క్‌షాపులో తీయించండి. మీ మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి ఆయన రోజు కూలీ ఆయనకివ్వండి. మీరు పెట్టే ఖర్చులో ఇంతకన్నా సార్థకమైనది వుండదు.

ఒకటి మర్చిపోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్ళ విడిభాగాలు దానికి తట్టుకునేలా చేశారు. పాతవాటికి మైలేజి కొంచెం తగ్గుతుంది, కొన్ని రబ్బరు పైపులు, గాస్కెట్లు ముందుగా మార్చాల్సి రావచ్చు. దీనికోసం బండి మానుకోనక్కర్లేదు గానీ బేరంలో వాడుకోండి, కొన్న వారంలో ఫ్యూయల్ పైపులు చెక్ చేయించండి.

కాగితాలు: ఎంపరివాహన్‌లో ఎన్నో ఓనరు, లోను వుందా, చలాన్లు ఎన్ని అన్నవి చూసుకోండి. పాత లోను తీరిపోతే ఫారం 35, బాంకు ఎన్‌ఓసీ తప్పనిసరి. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక "తర్వాత ట్రాన్స్‌ఫర్ చేసుకుందాం లెండి" అనే మాట ఎవరన్నా వినొద్దు. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించండి. పాత ఓనరు నో క్లెయిం బోనస్ ఆయనతోనే పోతుంది, అది మీకు రాదు. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందని ఎగబడకండి. అక్కడ పదేళ్ళ డీజిలు, పదిహేనేళ్ళ పెట్రోలు బళ్ళకి ఆంక్షలున్నాయి కాబట్టే ఇటు తోలుతున్నారు. ఎన్‌ఓసీ, రీ రిజిస్ట్రేషను, ఇక్కడి లైఫ్ టాక్సు కలిపితే ఆ చవక ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి.

ఇదంతా ఒక ఎత్తు, అసలు మాట ఒక ఎత్తు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి లైసెన్సులుంటాయి, బీరువాలో. ఎందుకు నడపరంటే "కొత్త బండి, గీతలు పడతాయి" అని ఇంట్లో ఒకటే నస. పార్కింగ్‌లో స్తంభానికి కాస్త రాసుకుంటే వారం రోజులు దెప్పుతారు. దాంతో ఆవిడ మళ్ళీ స్టీరింగ్ పట్టుకోదు. ఇప్పుడు రెండో కారు కూడా పన్నెండు లక్షలది తెస్తే ఏమవుతుంది? దాన్నీ ఆయనే తుడుచుకుంటూ, ఆయనే నడుపుతూ కూర్చుంటాడు. ఆవిడ మళ్ళీ కాబ్ కోసం ఎదురుచూస్తూ గేటు దగ్గరే. ఇంట్లో రెండు కార్లు, నడిపేది ఒక్కడు!

అప్పటికే నాలుగు గీతలున్న వాగనార్‌కి ఈ బాధ లేదు. ఐదో గీత పడితే ఎవరూ మాట్లాడరు. నేర్చుకునే మనిషికి ఆ ధైర్యం ఏ డ్రైవింగ్ స్కూలూ ఇవ్వదు. కాబట్టి బండి ఆవిడ పేరు మీదే ట్రాన్స్‌ఫర్ చేయించండి, రెండు తాళాలూ ఆవిడకే ఇవ్వండి. మూడు లక్షల చిల్లరలో ఒక మనిషికి ఎవరినీ అడగకుండా బయటికి వెళ్ళే వీలు దొరుకుతుంటే, పన్నెండు లక్షలు పోసి ఆ వీలు లేకుండా చేసుకోవటం ఏం తెలివో నాకైతే అర్థం కావట్లేదు. సన్‌రూఫ్ కావాలంటే మొదటి కారు మార్చినప్పుడు చూసుకోండి. ఏమంటారు?