స్థాలీపులాక న్యాయమును పంటకోత లెక్కలును

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని పెద్దలు స్థాలీపులాక న్యాయమును చెప్పిరి. న్యాయము మంచిదే. కాని కుండ యొక్కటి కావలయును. దానిక్రింది మంట యొక్కటి కావలయును. మెతుకు పట్టువాడు తనకు నచ్చిన మెతుకును ఏరుకొనకుండవలయును. ఈ మూడు నియమములను గాలికి విడిచి, న్యాయము పేరు మాత్రము చెప్పి, ఊరి పంటకెల్ల ఒక్క అంకెతో విలువ కట్టుటను మేము అన్యాయమనియే యందుము.

ఈ సంగతి ఉంగుటూరు ప్రాంతపు రైతునకు ఒకరు బోధింప నక్కరలేదు. ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమనున్న ఈ సీమలో భూమి ఉత్తరమున మెరకగానుండి, దక్షిణమునకు పోనుపోను కొల్లేటివైపు వాలియున్నది. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో కలియును. ఆ నీరు ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోవలయును. వానలు మిక్కుటమై ఉప్పుటేరు ఆ నీటిని తీయలేనపుడు, ఎగువచేను పచ్చగా నిలిచియుండగనే దిగువచేను మునుగును. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగ్ వంటి తుపాను వచ్చినపుడు, ముందుగ కోసి ధాన్యము ఇల్లు చేర్చినవాడు బ్రతుకును. పనలు చేనిలోనున్నవాడు చెడును. ఊరు ఒక్కటే, కుండలు అనేకములు.

లెక్క ఎట్లు కట్టుదురో చూడుడు. 2016లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో దిగుబడి నష్టమును రైతునకొక తీరుగ గాక ప్రాంతమంతటికిని కలిపి నిర్ణయింతురు. గడచిన ఏడేండ్లలో మేలైన ఐదేండ్ల దిగుబడి సగటు తీసి, అందులో నిర్ణీత భాగమును హద్దుగ నుంచుదురు. ఈ యేటి సగటు హద్దునకు దిగువనున్న పరిహారము కలదు, ఎగువనున్న లేదు. గ్రామమును ప్రమాణముగ గొన్నచోట ప్రధానమైన పంటకు కనీసము నాలుగు కోత ప్రయోగములు జరుపవలెనని నిబంధన. వరికి ఒక్కొక్క ప్రయోగమునకు ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల తావును కోసి, నూర్చి, తూచుదురు. నాలుగును గలిపిన నూరు చదరపు మీటర్లు. మన లెక్కలో ఇంచుమించు రెండున్నర సెంట్లు. ఊరి వరిచేలకెల్ల ఈ రెండున్నర సెంట్లే సాక్షి!

ఇది వట్టి బూటకమని కొందరందురు. మేమట్లనము. పూర్వము పంటను గట్టుమీద నిలిచి కంటితో చూచి, ఇది పదునారణాల పంట, అది పండ్రెండణాల పంట యని అణాల లెక్క వ్రాయుచుండిరి. ఆ కన్ను ఎవరిదైన దాని యిష్టమే శాసనము. ఆ దుస్థితిని తొలగించుటకే 1923-25 సంవత్సరములలో హబ్బాక్ బీహారు, ఒరిస్సాలలోని వరిచేలపై చీటీవేసినట్లు తావులను ఎన్నుకొని కోసి చూచెను. పిదప మహలనోబిస్ బెంగాలులో అదే బాట పట్టెను. కోయు తావు ఎంత యుండవలెనని ఆయనకును సుఖాత్మేకును గొప్ప వాదము నడచినది. తావు మరీ చిన్నదైనచో అంచుననున్న దుబ్బులు లోనికి చేరి దిగుబడి హెచ్చుగ కనబడునని సుఖాత్మే పక్షము. వారు అనేక విషయములలో భేదించిరి. కాని చేనిని ఎన్నుకొనువాడు మనుష్యుడు గాక చీటీ కావలెనన్న సంగతిలో భేదింపలేదు. చీటీ పడిన చేను దూరమనియో, బురదయనియో విడిచి, బాట ప్రక్కనున్న చేనిని కోసిన నాడు శాస్త్రము అంతటితో సరి. మిగిలినది అణాల లెక్కయే. కాకున్న దానికి దశాంశ బిందువు తగిలించిరి.

ఇక సగటు సంగతి. నాలుగు చేలలో ఎకరమునకు ముప్పది, ఇరువదియెనిమిది, పండ్రెండు, పది బస్తాలు పండినవనుకొందము. సగటు ఇరువది. హద్దు పందొమ్మిది యైనచో పరిహారము లేదు. పది బస్తాలవాడు అప్పులవాని యెదుట నిలిచి, నాయనా, మా యూరి సగటు బాగున్నదని చెప్పి తప్పించుకొనగలడా? అంతకన్న విపరీతమొకటి కలదు. ఇంత హెచ్చుతగ్గులున్న నాలుగు అంకెలనుండి తీసిన సగటులో ఇరుప్రక్కల ఐదేసి బస్తాల పొరపాటు సామాన్యముగ నుండును. ఐదు బస్తాలు ఊగు త్రాసుతో ఒక్క బస్తా తేడాను తూచి ఊరికి లేదని తీర్పు చెప్పుట ఏ ధర్మము? ఈ పొరపాటు సగము కావలెనన్న నమూనా నాలుగింతలు కావలయును. నాలుగు పదునారు కావలయును.

ఇదంతయు పరదేశపు విద్య, మనకు పట్టుబడదని ఎవరును అనరాదు. నూజివీడులో చిన్ననాట చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టము పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లోనే, ఉన్న వివరములనుండి ఎంత నేర్పుతో అంచనా కట్టినను పొరపాటు ఒక హద్దునకు దిగువకు పోదని నిరూపించిరి. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము వారిని వరించినది. ఆ మహనీయుని చదువుబడి యున్న సీమలో పొరపాటు ఎంతయో చెప్పని అంకెను అధికారవాక్యముగ చెలామణి చేయుట మనకు సిగ్గుచేటు గాదా?

ఉపగ్రహము చిత్రములు తీయుచున్నది గదా యని మరికొందరి సమాధానము. తీయనిండు. 2023 ఖరీఫునుండి వరి దిగుబడి నిర్ణయములో ఆ యంచనాకు కనీసము 30 శాతము విలువ నిచ్చునట్లు పథకములో ఏర్పాటైనది. కాని ఆకాశమునుండి చూచినదియు అంచనాయే. కొడవలి చెప్పినదానికిని ఉపగ్రహము చెప్పినదానికిని ఎంత తేడాయో ఊరూర చూపనంతవరకు అది రెండవ సాక్షి గాదు. మొదటి సాక్షిని మరుగుపరచు తెర మాత్రమే.

అంకెలతో అన్యాయము మనకు క్రొత్త గాదు. బార్డోలీలో అధికారి యొకడు శిస్తును 30 శాతము పెంచుమనెను. ప్రభుత్వము 22 శాతమునకు దిగినది. 1928లో రైతులు పటేలు నాయకత్వమున తిరుగబడిన పిమ్మట విచారణ జరుపగా, కౌలు లెక్కలు సరిగ విచారింపబడలేదని తేలి, పెంపు సుమారు ఆరు శాతమునకు వచ్చినది. మన కృష్ణా గోదావరి డెల్టాలలో రూపాయికి మూడణాలు, అనగా 18¾ శాతము, శిస్తు పెంపునకు పూనుకొన్న దినములును అవియే. ఇచ్చటను రైతులు ఎదిరించిరి. 1929 తరువాత ధాన్యపు ధరలు కూలినపుడు, వెనుకటి ధరలను నమ్ముకొన్న లెక్కలకు విలువ యేమున్నది? ఆనాడు పరపాలకుని అంకెను ప్రశ్నించుట దేశభక్తి యైనది. ఈనాడు స్వపాలకుని అంకెను ప్రశ్నించుట ద్రోహమెట్లగును? స్వరాజ్యమనగా లెక్క చెప్పు రాజ్యము.

కావున మేము కోరునది దానము గాదు, నాలుగు మాటలు. కోతలకు ముందే చీటీ పడిన సర్వే నంబర్ల పట్టికను గ్రామ సచివాలయపు గోడపై అంటింపవలయును. చేనిని మార్చినచో కారణమును వ్రాసి సంతకము చేయవలయును. సగటు మాత్రమే గాక ప్రతి చేని తూకమును, సగటులోని పొరపాటును ప్రకటింపవలయును. మెరకను, పల్లమును వేరు వేరు భాగములుగ నెంచి కోయవలయును. ప్రయోగముల సంఖ్యను పెంచవలయును.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పట్టణవాసులు ఇది రైతుల గొడవయని పుట త్రిప్పరాదు. లెక్కలు నేర్చినవారు మీరు. కైకరములోనో, నారాయణపురములోనో, నాచుగుంటలోనో మీ బంధువు పొలమున్నచో ఆ తూకములను అడిగి తెప్పించి, పదిమంది నడుమ చదివి, కూడి, భాగించి చూడుడు. సరియైన అంకెకు పరీక్ష భయము లేదు. భయపడు అంకె యేదో అదియే మన శత్రువు.