జివతి గుట్టల మీద ఒకటో తరగతి

చంద్రపూర్ జిల్లాలో జిల్లా పరిషత్ బడికి వెళితే గురుజీ బల్ల మీద ఒక నోటుపుస్తకం కనిపిస్తుంది. ఈ వారం ఏ తరగతికి ఏ పాఠం, ఏ రోజు ఏ పేజీ దాకా అన్నది అందులో రాసి ఉంటుంది. అక్కడి ఉపాధ్యాయులు దాన్ని టాచణ్ అంటారు. తనిఖీకి కేంద్రప్రముఖ్, అంటే కొన్ని బడుల మీద ఉండే అధికారి, వస్తే అడిగే కాగితాల్లో అదొకటి. సోమవారం అనుకున్నది శనివారానికి పూర్తయిందో లేదో దాన్ని చూస్తే తెలిసిపోతుంది. ఎదురుగా కూర్చున్న ఆరేళ్ల పిల్లకు ఆ వారంలో ఏం వచ్చిందో రాసే గడి మాత్రం అందులో ఉండదు. పిల్లల తొలి చదువు మీద పనిచేస్తున్న మనిషిగా నా ఆందోళనంతా ఆ లేని గడి గురించే.

ముందు అంకెలు చూద్దాం. అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కో పిల్లనీ విడిగా కూర్చోబెట్టుకుని, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఇచ్చి చదవమంటున్నారు. ఏ భాషలో చదువుతానన్నది పిల్ల ఇష్టం. 2024లో దేశం మొత్తం మీద గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగింది నూటికి 23.4 మంది. ప్రైవేటు బడులను కలుపుకుంటే 27.1. అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత వచ్చినవాళ్లు 33.7. అన్ని బడులూ కలిపి 2022లో చదవగలిగినవాళ్లు 20.5 మందే కాబట్టి కోలుకున్నామని సంతోషించవచ్చు. కానీ కరోనాకు ముందు, 2018లో ఆ అంకె 27.3. ఆరేళ్ల తర్వాత మళ్లీ పాత చోటికే చేరాం. ఆ పాత చోటే, నలుగురిలో ముగ్గురికి కింది తరగతి కథ కూడా అందని చోటు.

మహారాష్ట్ర బడుల సంగతి మనకెందుకనుకునే తెలుగు పాఠకులకు ఇంకో రెండు అంకెలు చెప్పాలి. అదే సర్వేలో 2018, 2022 మధ్య ఆంధ్రప్రదేశ్ 22.6 నుంచి 10.3కి జారింది. తెలంగాణ 18.1 నుంచి 5.2కి పడిపోయింది. అంటే ఆ ఏడాది తెలంగాణ పల్లెల్లో మూడో తరగతిలో ఉన్న ప్రతి ఇరవై మందిలో రెండో తరగతి కథ చదివింది ఒక్కరే. సరిహద్దుకు ఇటు నిలబడి అటువైపు వేలు చూపించే అర్హత మనకు లేదు.

ఆ సరిహద్దు మీదే ఉన్న ఊళ్లు కొన్ని ఉన్నాయి. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకూ మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికీ నడుమ గుట్టల మీద పద్నాలుగు ఊళ్లను రెండు రాష్ట్రాలూ తమవే అంటాయి. పరందోళి, ముకదంగూడ, మహరాజ్‌గూడ, అంతాపూర్ వాటిలోవి. అక్కడి మనుషులకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. కొన్ని ఊళ్లలో ఒకే వాడకు మహారాష్ట్ర పెట్టిన మరాఠీ బడీ, తెలంగాణ పెట్టిన తెలుగు బడీ ఉన్నాయి. ఈ వింతను పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా టీవీ కెమెరాలు కూడా వెళ్తాయి. ఆ ఇళ్లలో మరాఠ్వాడా నుంచి వచ్చి స్థిరపడిన మరాఠీ కుటుంబాలు ఉన్నాయి. లంబాడాలు, గోండులు, కొలాములు ఉన్నారు. లంబాడా పిల్లకు, గోండు పిల్లకు, కొలాం పిల్లకు రెండు ప్రభుత్వాలు రెండు వాచకాలు ఇస్తున్నాయి. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే భాష రెండింటిలోనూ లేదు.

ఇది ఆ పద్నాలుగు ఊళ్ల గొడవ మాత్రమే అయితే ఇంత రాయను. జివతి, కోర్పణా, రాజురా తాలూకాల గిరిజన గూడేల్లోనూ ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టూ, ఘుగ్గుస్, సాస్తి బొగ్గు గనుల చుట్టూ కుదురుకున్న తెలుగు కూలి కుటుంబాల పిల్లలు కూడా ఒకటో తరగతిలో మరాఠీని కొత్త భాషగానే అందుకుంటారు. వాళ్లకు కనీసం వీధిలో మరాఠీ వినపడుతుంది. గుట్ట మీది కొలాం గూడెంలో అదీ తక్కువే.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. అప్పటిదాకా ఒకే జిల్లాగా ఉన్న గోండు గూడేల్లో కొన్ని మరాఠీ బడి కిందకు, కొన్ని తెలుగు బడి కిందకు చేరాయి. సరిగ్గా అదే రోజు అమల్లోకి వచ్చిన ఏడో సవరణ రాజ్యాంగంలో 350ఏ అధికరణాన్ని చేర్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం ప్రతి రాష్ట్రమూ కల్పించాలని అది చెబుతుంది. పిల్లల్ని పంచుకున్న రోజే వాళ్లకు ఇచ్చిన మాట అది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలో అంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు అంది. ఈ మాటలేవీ జివతి గుట్ట ఎక్కలేదు.

ఎక్కించడం అసాధ్యమని మాత్రం నేను ఒప్పుకోను. ఒకసారి జరిగింది కాబట్టి. కెరమెరి మండలంలోనే ఉన్న జోడేఘాట్‌లో 1940లో కుమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, 1943లో గోండు యువకుల కోసం ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభింపజేశారు. గోండి భాషలో, నాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. గోండు గురువు గోండు పిల్లలకు గోండిలో చెప్పి, అక్కడి నుంచి పై భాషకు దాటించే ఏర్పాటు అది. అప్పుడు రోడ్లు లేవు, కరెంటు లేదు, నిజాం రాజ్యం. రాజురా కూడా అదే జిల్లాలో ఉండేది. ఎనభై ఏళ్ల కిందట చేయగలిగిన పని ఇప్పుడు చేతకాదని ఎవరంటారు?

ఇక వారం లెక్కకు వస్తాను. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. అరవై మందిలోపు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులు. ఆ ఇద్దరి ఎనిమిది గంటలను ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి దక్కేది రోజుకు గంటా ముప్పై ఆరు నిమిషాలు. శనివారం ఒంటిపూట బడి కాబట్టి వారానికి తొమ్మిది గంటలైనా నిండవు. భాష, లెక్కలు, ఇంగ్లిష్, ఆటపాటలు అన్నీ అందులోనే. ఇది ఇద్దరు గురుజీలూ ప్రతిరోజూ వచ్చి, సర్వేలూ ఎన్నికల పనులూ మీద పడకుండా ఉంటే దొరికే సమయం. పైగా 47, 48 డిగ్రీల ఎండలు కాసే ప్రాంతం కావడంతో చంద్రపూర్ ఉన్న విదర్భలో బడులు మిగతా మహారాష్ట్ర కంటే ఆలస్యంగా తెరుస్తారు. 2025లో జూన్ 23న తెరిచారు.

ఆ కొద్ది గంటల్లో ఆరేళ్ల పిల్ల నేర్చుకోవాల్సింది చిన్నదేమీ కాదు. మరాఠీ రాసే నాగరి లిపీ, మన తెలుగు లిపీ రెండూ అక్షర లిపులే. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిస్తే కొన్ని వందల రూపాలు. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధన ఈ రూపాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి, ఐదో తరగతి దాకా పడుతుందని చూపింది. ఇంట్లో కన్నడ మాట్లాడుతూ చదువుకునే పిల్లల సంగతే అలా ఉంది. ఇంగ్లిష్ ఇరవై ఆరు అక్షరాల కొలతతో మన పిల్లల వేగాన్ని కొలవడం అన్యాయం. వర్ణమాలంతా ఒకటో తరగతిలో ముగించేసి రెండో ఏడు నుంచి పేరాలు చదివించాలనే ప్రణాళిక పిల్లల కంటే ముందు పరుగెడుతోంది.

ఇంకొక అధ్యయనం నేరుగా మహారాష్ట్రదే. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, టాటా ట్రస్టులు కలిసి ప్రకటించిన లిరిల్ అధ్యయనం పాల్‌ఘర్ జిల్లా వాడా తాలూకాలోను, కర్ణాటకలోని యాదగిరిలోను పిల్లల్ని ఒకటి నుంచి మూడో తరగతి దాకా వెంట ఉండి గమనించింది. తరగతి గదిలో ఎక్కువ సమయం అక్షరాలు దిద్దడానికి, చూసి రాయడానికి పోయింది. అర్థం మీద, పిల్లల సొంత మాటల మీద మాట్లాడుకున్నది చాలా తక్కువ. మూడేళ్ల తర్వాత కూడా చాలామంది పిల్లలకు మామూలు మాటలు కూడబలుక్కుని చదవడం రాలేదు. వాళ్ల నోటుపుస్తకాలు మాత్రం నిండే ఉన్నాయి. చూసి రాసిన పేజీని చదివిన పేజీగా లెక్కపెట్టుకోవడమే ఈ వెనకబాటు బయటపడకపోవడానికి కారణం. తల్లి నోటుపుస్తకం తిప్పి చూసి ముచ్చట పడుతుంది. అధికారి సంతకం పెడతాడు. పిల్ల పై తరగతికి వెళుతుంది.

వెనకబాటు ఒకసారి మొదలయ్యాక దానంతటదే పూడదు. ప్రిచెట్, బీటీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో ఈ విషయాన్నే లెక్కగట్టి చూపించారు. పాఠ్యప్రణాళిక వేగం పిల్లల వేగాన్ని మించితే, తెలివిలో ఏమాత్రం తీసిపోని పిల్లలు కూడా వారం వారం ఇంకాస్త దూరమై ఒక దశలో నేర్చుకోవడమే ఆగిపోతుందని వాళ్లు తేల్చారు. నాలుగో తరగతి నుంచి ప్రతి పాఠమూ చదవడం వచ్చినవాళ్లకోసమే రాసి ఉంటుంది. పరిసరాల విజ్ఞానం, లెక్కల్లో మాటల సమస్యలు, అన్నీ. అప్పటికి చదవడం రాని పిల్ల బడికి వస్తూనే ఉంటుంది, హాజరు పట్టీలో ఉంటుంది, చదువులో ఉండదు.

ఇలాంటి తరగతి మీద మనం చేస్తున్నది బరువు పెంచడం. మహారాష్ట్రలో 2000 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లిష్ ఉంది. 2025 ఏప్రిల్ 16న హిందీని మూడో భాషగా ఒకటో తరగతి నుంచే తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. పెద్ద గొడవ జరిగి జూన్ 29న వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవంతా మరాఠీ గౌరవం చుట్టూ తిరిగింది. మరాఠీయే రెండో భాష అయిన గోండు పిల్లకు హిందీ నాలుగో భాష అవుతుందన్న సంగతి చర్చలో ఎక్కడో అడుగున పడిపోయింది. ఇటు తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం తెచ్చి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు ఇచ్చింది. కెరమెరి గుట్ట మీది లంబాడా పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. పేద, మధ్యాదాయ దేశాల్లో 37 శాతం పిల్లలకు తమకు అర్థంకాని భాషలోనే చదువు చెబుతున్నారని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క చెప్పింది. ఆ లెక్కలో మన పిల్లలూ ఉన్నారు.

గోండి నేర్పితే ఉద్యోగం వస్తుందా అని గూడెంలోనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మరాఠీ వద్దని, తెలుగు వద్దని, ఇంగ్లిష్ వద్దని ఎవరూ అనడం లేదు. తెలిసిన భాషలో చదవడమంటే ఏమిటో ఒకసారి తెలిస్తే ఆ నేర్పు కొత్త భాషలోకి వెంట వస్తుంది. తెలియని భాషలో మొదలుపెడితే రెండూ దక్కవు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండి, కొలామి, కోయ, సవర, బంజారా వంటి భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది, వాచకాలు వేసింది. మంచి ఆరంభం. పథకంగా మొదలై పథకంగానే మిగిలిపోయింది, పిల్లల హక్కుగా ఎదగలేదు. పక్క జిల్లా గడ్చిరోలిలో మోహ్‌గావ్ గ్రామసభ 2019లో తనే ఒక గోండి బడి పెట్టుకుంది. మూడేళ్లకు విద్యాశాఖ నుంచి దానికి వచ్చింది గుర్తింపు లేని బడి అన్న నోటీసు.

ఏం చేయాలో తెలియక ఆగిన సమస్య కాదిది. ఈ శతాబ్దం మొదట్లో ముంబయి, వడోదర మునిసిపల్ బడుల్లో ప్రథమ్ సంస్థ బాలసఖి అనే ప్రయోగం చేసింది. హైస్కూలు చదువు ముగించిన స్థానిక యువతులు వెనకబడిన పిల్లల్ని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకుని చదివించారు. పిల్లల స్థాయి పెరిగిందని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం శాస్త్రీయంగా కొలిచి 2007లో ప్రకటించింది. జివతిలో అలాంటి యువతి గోండి, కొలామి, లంబాడీ మాట్లాడేదై ఉంటే మొదటి రెండేళ్ల భాష సమస్యా, ఒక్క గురుజీ మీద మూడు తరగతుల బరువూ రెండూ తగ్గుతాయి. పదో తరగతి చదివిన ఆడపిల్లలు ఇప్పుడు గూడేల్లో ఉన్నారు. వాళ్లకు ఒక గౌరవ వేతనం, కొద్ది వారాల శిక్షణ చాలు. ఊరు ఎవరిదన్న తగువు తేలేదాకా రెండు ప్రభుత్వాలూ ఆగాల్సిన పని కూడా లేదు.

చావడి వాచన్ పేరుతో పిల్లల చేత ఊరి జనం ముందు చదివించే పద్ధతి మహారాష్ట్రలో ఇప్పటికే ఉంది. దాన్ని ఏడాది చివర పండగలా జరపకుండా ఆగస్టులోనే జరిపి, ఎవరికి ఏ మెట్టు దాకా వచ్చిందో గురుజీ నోటుపుస్తకంలో పేరుపేరునా రాసేలా చేయాలి. పాఠం ముగించలేదని ఉపాధ్యాయుడిని మందలించే తనిఖీ పోయి, పిల్లలు చదివేదాకా ఆగినందుకు మెచ్చుకునే తనిఖీ రావాలి. గుట్టల మీది గురుజీల్లో చాలామంది ఆగాలనే అనుకుంటారు. ఆగనివ్వని ఏర్పాటు మనది.

బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్‌లలోని తెలుగు సంఘాల పెద్దలకు, కెరమెరి, జైనూరు ఉపాధ్యాయులకు, ఈ పత్రిక చదివే ప్రతి తల్లికీ తండ్రికీ ఒక విన్నపం. పిల్ల మార్కులు అడగవద్దు. బడిలో చెప్పని ఒక చిన్న కథ చేతికిచ్చి చదవమనండి, చదివాక అందులో ఏముందో తన మాటల్లో చెప్పమనండి. రాకపోతే తిట్టవద్దు. మర్నాడే బడికి వెళ్లి ఆ సంగతి గురువుకు చెప్పండి, పాఠశాల యాజమాన్య కమిటీ పుస్తకంలో రాయించండి. 2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని గురి పెట్టుకుంది, గడువు 2026-27. 2024లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు మూడో తరగతి చదివే సంవత్సరం అదే.