మొగలి పువ్వుకు నిప్పూ, నీరూ
మొగలి రేకు వాసన ఎరుగని తెలుగు ఇల్లు మన బరంపురంలో ఉండదు. కాని ఛత్రపురం, రంగైలుండ పొలాల గట్ల మీద వానకాలంలో పూచే ఆ పువ్వు అత్తరు ఎట్లా అవుతుందో చూచినవారు తక్కువ. ఈ మాసం ఆ ముచ్చట చెప్పుకొందాము.

పద్ధతి పాతదే. రాగి డేగిసాలో నీళ్ళు పోసి, మగ పువ్వులు వేసి, మూతకు మట్టి మెత్తి, క్రింద కట్టెల మంట పెడతారు. ఆడ పువ్వుకు ఆ వాసన లేదు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే మెడ పొడవైన రాగి బుడ్డిలోకి పోతుంది. ఆ బుడ్డి చన్నీళ్ళ తొట్టిలో ఉంటుంది. అందులో ముందుగానే గంధపు నూనె పోసి ఉంచుతారు. గంధం ధర పెరిగిన తరువాత చాలాచోట్ల బదులుగా పారాఫిన్ నూనె వాడుతున్నారు.

ఇక్కడ జరిగేవి రెండు ప్రయాణాలు. వేడి రాగి గోడ దాటి తొట్టి నీటిలోకి పోవాలి. పరిమళం ఆవిరి నుండి నీటిలోకీ, నూనెలోకీ చేరాలి. మొదటిది వెనుకబడితే రెండవది చెడుతుంది. చల్లబడని ఆవిరి పరిమళాన్ని వెంటబెట్టుకొని సందులలో నుండి గాలిలో కలుస్తుంది. అందుకే పనివాడు మంట మీద ఎంత కన్ను వేస్తాడో తొట్టి మీదా అంతే వేస్తాడు. బుడ్డి వేడెక్కితే డేగిసా మీద తడిగుడ్డ కప్పి, బుడ్డిని మారుస్తాడు. మొగలి పరిమళంలో ముఖ్యభాగమైన ఫినైల్ ఎథైల్ మిథైల్ ఈథర్ నీటిలో కూడ కొంత కరుగుతుంది. కనుక నూనె నుండి వేరుచేసిన నీటిని పారబోయక మరల డేగిసాలోనే పోస్తారు.

ఈ చిక్కునే నేటి శాస్త్రజ్ఞులు వెంట్రుకవంటి సన్నని కాలువలలో విప్పుతున్నారు. పాత్ర కొలత వెయ్యవ వంతుకు తగ్గితే, లోపలి సరుకుకు తగిలే గోడ వెయ్యింతలు అవుతుంది. వేడి చప్పున బయటికి పోతుంది. వాయువు బుడగలూ, ద్రవపు చుక్కలూ వరుసగా నడిచే ఆ కాలువలో దూరం పదోవంతు అయితే, వ్యాపనానికి పట్టే కాలం నూరవ వంతే. గోడకు ఉత్ప్రేరకం పూస్తే రసాయన చర్య కూడ అక్కడే జరుగుతుంది.

బుట్టలకొద్దీ పువ్వులకు ఆ కాలువలు చాలవు. సూత్రం మాత్రం పనికివస్తుంది. ఒక్క బుడ్డికి బదులు సన్నని రాగి గొట్టాల కట్టను చల్లని నీటిలో ఉంచితే, ఆవిరికి చల్లని గోడ ఎక్కువగా తగులుతుంది. ఖర్చూ, కడుగుడు పనీ పెరిగే మాట నిజమే.

అయినా ఇది వట్టి పరిమళపు ముచ్చట కాదు. ముండ్ల పొదలలో దూరి కోసిన పువ్వు లెక్కన అమ్ముడవుతుంది. గాలిపాలయ్యే సుగంధం తగ్గితేనే ఆ పువ్వుకు ధర పెంచమని అడగడానికి వీలు కలుగుతుంది. బరంపురంలో 1967 నుండి విశ్వవిద్యాలయమూ, 2016 నుండి ఐసర్ సంస్థా ఉన్నవి. రసాయనం చదివే మన పిల్లలను మేము కోరేది ఒక్కటే: ఒక వానకాలం ఆ బట్టీల దగ్గర నిలబడి, తొట్టి నీటి వేడిని గంటగంటకూ వ్రాసుకొని చూడండి. దానికి కావలసినవి ఒక ఉష్ణమాపకమూ, కొంత ఓపికా.