నొప్పి చెప్పుకునే హక్కు

కేన్సర్ వార్డులో డాక్టరు రౌండ్లకి వచ్చి ఎలా ఉందని అడిగితే చాలామంది ఆడవాళ్ళు చెప్పే జవాబు ఒకటే: "ఫరవాలేదండీ, బాగానే ఉంది." రాత్రంతా వాంతులతో కన్ను మూయని మనిషి కూడా అదే అంటుంది. బాధ దిగమింగడమే మంచితనమని చిన్నప్పటినుంచీ నేర్పి పెట్టాం కదా! పైగా పక్కన భర్తో, కొడుకో ఉంటాడు. ఆమె బదులు అతనే జవాబు చెప్పడమూ మామూలే. కేసు షీటులోకి ఎక్కని బాధకి మందు రాయరు.

ఈ మౌనం ఖరీదెంతో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఈథన్ బాష్ బృందం చేసిన పరిశోధన చూపించింది. వ్యాధి ఒళ్ళంతా పాకి కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం. రెండో భాగం వారు ఆకలి లేకపోవడం, వికారం, ఆయాసం, తిమ్మిర్లు, మూత్రంలో మంట వంటి 12 బాధలను కంప్యూటర్లో తామే నమోదు చేశారు. బాధ ముదిరితే నర్సుకి కబురు వెళ్ళేది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి భాగంలో సగం మంది 26 నెలలు దాటి బతికితే, రెండో భాగంలో సగం మంది 31.2 నెలలు దాటారు. తర్వాత అమెరికాలోనే 52 క్లినిక్కుల్లో చేసిన ఇంకా పెద్ద పరిశోధనలో ఆయుష్షులో తేడా కనబడలేదు. కానీ రోగుల రోజువారీ బతుకు మెరుగైంది, అత్యవసర వార్డుకి పరిగెత్తాల్సిన రోజు వెనక్కి జరిగింది. ఉన్నన్నాళ్ళూ తక్కువ బాధతో బతకడం చిన్న విషయమా?

న్యూయార్క్ పరిశోధనలో మనకి పనికొచ్చే అసలు సంగతి వేరే ఉంది. కంప్యూటరు అలవాటు లేనివారికే మేలు ఎక్కువ జరిగింది. వాళ్ళు ఇంటినుంచి కాదు, ఆసుపత్రికి వచ్చినప్పుడు అక్కడున్న యంత్రంలోనే నమోదు చేశారు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవారు తెలంగాణలో 26.5, ఆంధ్రలో 21 శాతమే. అప్పటినుంచి ఫోన్లు పెరిగే ఉంటాయి, కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆమె చేతిలో ఉండటం వేరు. యాప్ తయారుచేసి "రోగులందరికీ అందుబాటులో ఉంది" అని ప్రకటిస్తే సరిపోదు.

కొడుకు ఫోనులో తల్లి ఏం చెప్పగలదు? గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కి రేడియేషన్ (మన ఊళ్ళల్లో కరెంటు పెట్టడం అంటారు) తీసుకున్నాక యోని పొడిబారుతుంది, ఇరుకవుతుంది, కలయిక నరకమవుతుంది. ఇది వైద్యానికి తెలిసిన విషయమే. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ తయారుచేసిన 78 లక్షణాల ప్రశ్నావళిలో యోని పొడిబారడం, కలయికలో నొప్పి ఉన్నాయి. న్యూయార్క్ పరిశోధన ఎంచుకున్న పన్నెండింటిలో లేవు. ఏ ప్రశ్నలు అడగాలో నిర్ణయించే చోట స్త్రీలు లేకపోతే ఆ ప్రశ్నలే రాలిపోతాయి. రాయడం చదవడం రానివారికి బొమ్మలు, వినిపించే తెలుగు కావాలి. అది కూడా పాఠ్యపుస్తకం తెలుగు కాదు, శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ నొప్పికి వాడే మాటలు.

ఇక కబురు అందుకునేదెవరు? న్యూయార్క్‌లో పనిచేసింది యంత్రం ఒక్కటే కాదు, కబురు చూసి ఫోను చేసి మందు మార్పించిన నర్సు కూడా. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సులకి ఉన్న పనికే ఊపిరాడటం లేదు. కొత్త పథకం అనగానే ఆశా కార్యకర్తల నెత్తిన రుద్దడం సర్కారుకి అలవాటే. వేతనంతో కూడిన ప్రత్యేక ఉద్యోగం లేకుండా ఇది మొదలుపెడితే స్త్రీల బాధ ఎవరూ తెరవని ఫైలులో పోగవుతుంది. బాధ చెప్పించుకుని జవాబివ్వకపోవడం అడగకపోవడం కన్నా క్రూరం.

చెప్పిన బాధ ఎక్కడికి చేరుతుందో కూడా చూసుకోవాలి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. తెలుగు అందులో ఉంది. "ఇక్కడ నొక్కమ్మా" అనేసి సమ్మతి అయిపోయిందనుకునే ఆసుపత్రుల్ని మన సంఘాలు ముందుగా అడగాల్సింది ఆ తెలుగు నోటీసే.