కప్పు క్రింద ముప్పది వేలమంది

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరానికి ఉత్తరంగా ఎవరెట్ అనే ఊరున్నది. అక్కడి బోయింగ్ విమాన కర్మాగారం ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద కట్టడం. ఒకే కప్పు క్రింద 98 ఎకరాలు. లోపలి చోటు 47 కోట్ల ఘనపుటడుగులకు పైమాట. నేల అడుగున నడకకు సొరంగాలు, లోపల తిరగడానికి వందలాది సైకిళ్లు. ఇంత కట్టడాన్ని చలికాలంలో వెచ్చబరచే ప్రత్యేక ఏర్పాటేదీ లేదు. దీపాల వేడి, యంత్రాల వేడి, పనిచేసే మనుషుల ఒంటి వేడి – అవే చాలునట.

ఈ వింతలు పత్రికలలో తరచు వస్తూనే ఉంటవి. మనుషులను దీపాలతోను, యంత్రాలతోను కలిపి వేడి పుట్టించే వస్తువుగా లెక్కగట్టిన ఆ మాట దగ్గర మాత్రం మేము కొంచెం ఆగినాము. షిఫ్టులన్నీ కలిపితే అక్కడ పనిచేసేవారు సుమారు 30 వేలమంది.

రైల్వే సోదరులకు ఆసక్తి కలిగించే విషయమొకటి ఆ వింతల జాబితాలలో సాధారణంగా కనిపించదు. సముద్రపుటొడ్డునున్న ప్రధాన మార్గం నుండి కొండ మీది కర్మాగారానికి ఒక శాఖా రైలుమార్గం ఎక్కుతుంది. దాని వాలు నూటికి 5.6, మన లెక్కలో దాదాపు 18కి 1. ముందొకటి, వెనుక బ్యాంకర్లు పెట్టి బండ్లను ఎక్కించే మన భోర్ ఘాట్ వాలు 37కి 1 మాత్రమేనని గుర్తుంచుకుంటే, అక్కడి డ్రైవర్ల పని ఏపాటిదో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మార్గం పోయే లోయకు జపనీస్ గల్చ్ అని పేరు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో అక్కడి రంపపు మిల్లులో పనిచేసిన జపాను కూలీలు ఆ లోయలో కాపురముండినారు. నేడు జపానులో తయారైన విమానపు పలకలు ఓడ దిగి ఆ లోయ గుండానే పైకి పోతున్నవి.

కర్మాగారం పుట్టుక 747 విమానంతో ముడిపడి ఉన్నది. 1966 ఏప్రిల్‌లో పాన్ ఆమ్ సంస్థ 25 విమానాలకు ఆర్డరు ఇచ్చే నాటికి వాటిని కూర్చడానికి చోటే లేదు. అడవిని నరికి, నేలను చదును చేసి, ఒకవైపు గోడలు లేస్తుండగానే మరొకవైపు విమానం పని మొదలుపెట్టినారు. 1967లో మే 1వ తేదీన కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించినారు. (మే దినం పుట్టిన దేశంలోనే ఆనాడు సెలవు లేదన్న సంగతి పాఠకులకు తెలిసినదే.) 1968 సెప్టెంబరు 30న తొలి 747 బయటికి వచ్చినది. ఆ పని చేసినవారిని అసాధ్యులంటూ అందరూ కొనియాడినారు.

ఆ పొగడ్త ఎంతకాలం నిలిచినది? సియాటిల్ ప్రాంతంలో లక్షమంది వరకు ఉన్న బోయింగ్ ఉద్యోగులు 1971 ఏప్రిల్ నాటికి 40 వేలకు దిగువకు పడిపోయినారు. ఊరు విడిచిపోయే ఆఖరి మనిషి దీపాలార్పి పోవలెనని రోడ్డు పక్కన ఒక బోర్డు వెలసినది ఆ ఏడే. అదే ఏప్రిల్‌లో ఎయిరిండియా వారి తొలి 747, ‘ఎంపరర్ అశోక’, బొంబాయిలో దిగినది. మనమంతా దాన్ని గర్వంగా చెప్పుకున్నాము. దాన్ని కూర్చిన చేతులలో ఎన్నింటికి అప్పటికి పని మిగిలి ఉన్నదో ఎవరూ అడుగలేదు.

అసలు చెప్పదలచినది పింఛను సంగతి. 2013లో కంపెనీ 777ఎక్స్ అనే కొత్త విమానాన్ని చేపట్టి, పింఛను వదులుకోని యెడల దాన్ని మరొక రాష్ట్రానికి తరలిస్తామన్నది. 22 రాష్ట్రాలు పోటీకి దిగినవి. వాషింగ్టన్ శాసనసభ 870 కోట్ల డాలర్ల మేరకు పన్ను రాయితీలు ప్రసాదించినది. నవంబరులో కార్మికులు మూడింట రెండు వంతుల ఓట్లతో ఒప్పందాన్ని త్రోసిపుచ్చినారు. బెదిరింపు ఆగలేదు. 2014 జనవరి 3న మళ్లీ ఓటు జరిగినది. నూటికి 51 మంది సరేనన్నారు. పింఛను స్తంభించి, దాని స్థానంలో సొంత పొదుపు ఖాతా వచ్చినది.

పదేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు 13న, ఎవరెట్, రెంటన్ తదితర చోట్ల 33 వేలమంది మెషినిస్టులు సమ్మెకు దిగినారు. 25 శాతం పెంపును నూటికి 95 మంది తిరస్కరించినారు. సెప్టెంబరు చివర కంపెనీ ఆరోగ్య బీమా తీసివేసినది. మూడవ వారం నుండి సంఘం ఇచ్చినది వారానికి 250 డాలర్లు. 35 శాతమన్నా నూటికి 64 మంది కాదన్నారు. 53 రోజుల తర్వాత, నాలుగేళ్లలో 38 శాతం పెంపుతో, 59 శాతం ఓట్లతో నవంబరు 4న సమ్మె ముగిసినది. జీతాలలో అది చిన్న గెలుపు కాదు. పింఛను మాత్రం తిరిగి రాలేదు. ఏ 777ఎక్స్ కోసమని దాన్ని వదులుకున్నారో, ఆ విమానం ఆనాటికి ఒక్కటైనా ఏ విమాన సంస్థకూ అందలేదు.

ఆ సమ్మెకు మూడు వారాల ముందే, ఆగస్టు 24న, మన కేంద్ర మంత్రివర్గం ఏకీకృత పింఛను పథకాన్ని ఆమోదించినది. 2004 జనవరి 1 తర్వాత చేరిన రైల్వే, తపాలా ఉద్యోగులకు 25 ఏళ్ల సర్వీసుపై సగటు మూలవేతనంలో సగం హామీ అన్నారు. ఇరవై ఏళ్ల ఆందోళన లేనిదే ఆ హామీ వచ్చేది కాదు. అయినా నెలనెలా జీతంలో పదవ వంతు కోత కొనసాగుతూనే ఉన్నది; పాత పింఛనులో ఆ కోత లేదు. రాబోయే శాఖా సమావేశాలలో ఈ రెండు పథకాల లెక్కలతో పాటు, ఎవరెట్‌లో 2014 జనవరి 3న జరిగిన ఓటు వివరాలను కూడా యువ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము.