నోరులేని భోక్త పక్షమున

ఒక తరమునకు పూర్వము, కుక్కకేమి పెట్టవలెనను ప్రశ్న మన పట్టణపు గృహస్థులకు అంతగా కలుగలేదు. ఇంట వండిన అన్నములో మజ్జిగయో పాలో పోసి, మాంసము వండిన దినమున రెండు తునకలు కూడ వైచి, పెరటిలో ముద్ద పెట్టెడివారు. నేడు విజయవాడకు బోయినను హనుమకొండకు బోయినను కుక్కల ఆహారమునకే ప్రత్యేకముగ వెలసిన అంగళ్లు కానవచ్చుచున్నవి. అందు పిల్లకొక సంచి, ముసలిదానికొక సంచి, లాబ్రడారునకొకటి, పమేరియనునకొకటి, రోమముల నిగనిగకొకటి, కీళ్ల పటుత్వమునకొకటి, ధాన్యమే లేదని గొప్పచెప్పుకొను సంచి మరియొకటి. మొదటిమారు కోర్టు మెట్లెక్కిన కక్షిదారువలె గృహస్థు దిక్కులు చూచును. తుదకు ఖరీదెక్కువైనదానిని తీసికొని, ప్రేమకు లోటు చేయలేదుగదా యని తృప్తిపడి యింటికి పోవును.

ఈ తృప్తియే వర్తకుని మూలధనము. తక్కిన సరకులను కొన్నవాడు తినిచూచి, బాగులేనిచో మరునాడు అంగడివానితో తగవులాడును. ఇచ్చట కొనువాడొకడు, తినునది మరియొకటి. తినుదానికి చదువు రాదు, నోరు లేదు. కావున సంచిపైనున్న బొమ్మలును మాటలును సర్వము మన కన్నులకొరకు ఏర్పడినవే. కొన్ని బిళ్లలకు పులిమిన యెరుపు, ఆకుపచ్చ రంగులును మనకొరకే. కుక్క కంటికి ఆ రెంటి భేదము సరిగా తెలియదు.

ఈ వ్యాపారపు పుట్టుక తెలిసికొనదగినది. జేమ్స్ స్ప్రాట్ అను అమెరికా దేశీయుడు, పిడుగుపాటునుండి కట్టడములను కాపాడు లోహపు కడ్డీలమ్ముకొనుటకై లండను నగరమునకు వచ్చి, రేవులో ఓడల రొట్టెలను కుక్కలు తినుట చూచెనని చెప్పుదురు. 1860 ప్రాంతమున గోధుమపిండి, కూరగాయలు, మాంసము కలిపి కుక్కల బిస్కత్తును అమ్మకమునకు పెట్టినవాడతడు. అతని కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో ఆరంభించిన శునక ప్రదర్శనమే నేటికిని లోకప్రసిద్ధమైయున్నది. 1922లో అమెరికాలో గుర్రపు మాంసమును డబ్బాలకెక్కించిరి. రెండవ ప్రపంచయుద్ధమున తగరమునకు కరవు వచ్చి డబ్బాలు తగ్గుటచే పొడి ఆహారము ముందునకు వచ్చెను. 1957లో ప్యూరినావారు పిండిని ఆవిరివేడిలో ఉడికించి యంత్రముచే ఒత్తితీసిన బిళ్లలను అంగళ్లకు పంపిరి. ఈ మార్పులలో కుక్క ఆరోగ్యమును విచారించి చేసినవెన్నియో పాఠకులే లెక్కించుకొనవచ్చును. తరువాత 1960 దశాబ్దమున, ఇంటి భోజనమున మిగిలినది కుక్కకు పెట్టుట తగదని అమెరికా వర్తకులు విస్తారముగ ప్రచారము చేసిరి. మన యిల్లాండ్రు నేడు ముద్దన్నము పెట్టుటకు సిగ్గుపడుచున్నారన్న, ఆ ప్రచారపు ఫలమే సముద్రము దాటి వచ్చినదనవలెను.

సంచులనేకములైనను ఇంటిపేర్లు కొద్ది. పెడిగ్రీ, రాయల్ కానిన్ రెండును మార్సువారివే. ప్యూరినా 2001 నుండి నెస్లేవారిది. హిల్స్ 1976 నుండి కోల్గేటు కంపెనీవారిది. చాక్లెట్టు, పాలపొడి, పండ్లపొడి అమ్మిన నేర్పే ఇచ్చటను పనిచేయుచున్నది. మార్సువారి కర్మాగారము తెలంగాణమున సిద్దిపేట జిల్లాలోనే కలదు. ఇటీవల స్వదేశీయులును ఈ వ్యాపారమున దిగినారు, సంతోషమే. కాని ప్రకటనల ధోరణిలో భేదమేమియు మాకు కనబడలేదు.

ఇప్పటి క్రొత్త మంత్రము ధాన్యరహితము. కుక్క తోడేలు సంతతి గనుక ధాన్యము దానికి సరిపడదని వాదము. 2013లో స్వీడను శాస్త్రజ్ఞుల నాయకత్వమున జరిగి నేచర్ పత్రికలో ప్రకటింపబడిన పరిశోధన ఈ వాదమునకు పెద్ద దెబ్బ. పిండిపదార్థమును జీర్ణము చేయు అమైలేజును పుట్టించు జన్యువు తోడేలునందు రెండు ప్రతులే యుండగా, కుక్కలయందు నాలుగు మొదలు ముప్పదివరకు కానవచ్చినవి. మనుష్యుని వాకిట వేల సంవత్సరములు కాచుకొనియుండి, వాని గింజలను అరుగించుకొనుట నేర్చిన ప్రాణి యది. ఇంతే కాదు. ధాన్యమునకు బదులు బఠాణీలు, పప్పులు, బంగాళాదుంపలు అధికముగ చేర్చిన ఆహారమునకును, కుక్కలలో గుండె కండరము సాగి బలహీనపడు వ్యాధికిని సంబంధముండవచ్చునని 2018లో అమెరికా ఆహార ఔషధ శాఖవారు విచారణ ప్రారంభించిరి. అదియే కారణమని తేలలేదు. 2022 తుదిని, క్రొత్త శాస్త్రాధారము దొరకునంతవరకు ఇక ప్రకటనలు చేయమనిరి. మా వృత్తిభాషలో చెప్పవలెనన్న, నేరము స్థాపింపబడలేదు, అనుమానమును తొలగలేదు. అట్టి సరకునకు అధికమూల్యమిచ్చుట యెందులకు?

అట్లని ముద్దన్నముతోనే సర్వము సరిపోవునను మిత్రులతోను మేము ఏకీభవింపజాలము. 2013లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్యులు, ఇంట వండిపెట్టుటకై వ్రాయబడిన 200 వంటకములను పరీక్షింపగా నూటికి 95 వంటకములలో ఏదో యొక ముఖ్యపోషకము కొరవడినట్లు తేలినది. పెరుగన్నముతో కడుపు నిండును గాని మాంసకృత్తులు చాలవు. ఉత్త మాంసము పెట్టినచో కాల్షియము చాలదు. పెరుగుచున్న పిల్లకు, అందును పెద్దజాతి పిల్లకు, ఎముకలు వంకరపోవును. మరియు మన వంట మన నాలుకకొరకు వండినది. ఉల్లియు వెల్లుల్లియు కుక్క రక్తకణములను చెరచును. పాయసములోని ఎండుద్రాక్ష మూత్రపిండములను పాడుచేయగలదు. వండిన ఎముక చీలి ప్రేగులను గ్రుచ్చును. సాంబారన్నము కుక్క ముందుంచి, ఇది మన సంప్రదాయమనుట దయకాదు. ఇంట వండదలచినవారు ఉప్పు, కారము, ఉల్లి లేకుండ వేరుగ వండి, ఏమేమి యెంతెంత చేర్చవలెనో పశువైద్యునిచే వ్రాయించుకొనవలెను. సంచియే సులభమనువారు సంచియే కొనవచ్చును. దానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. మూత్రపిండముల వ్యాధివంటివానికి వైద్యుడు వ్రాసియిచ్చు ప్రత్యేకాహారము వేరు సంగతి, దానిని మానరాదు.

కాని కొనువాడు సంచి ముందుభాగమును విడిచి వెనుకభాగమును చదువవలెను. అమెరికాలోని మేత నియంత్రణాధికారుల సంఘపు నియమములలో మాటకొక తూకము కలదు. కోడి ఆహారమని పేరిడవలెనన్న, కలిపిన నీరు తీసివేయగా, నూటికి 95 పాళ్లు కోడి యుండవలెను. పేరునకు విందు అనువంటి మాట తగిలించినచో 25 పాళ్లు చాలును. కోడితో కూడినదన్న 3 పాళ్లు చాలును. కోడి రుచిగలదన్నచో ఇంత యుండవలెనను నిర్ణయమే లేదు. ఆ నియమములు మనదేశపు అంగడిని శాసింపవు. మాటల యుక్తి మాత్రము ఇచ్చటికిని వచ్చినది. లెక్కలో మరియొక చిక్కు కలదు. పొడి బిళ్లలో నీరు నూటికి 10 పాళ్లుండగా, తడి ఆహారమున 80 వరకుండును. కావున 22 పాళ్ల మాంసకృత్తులు గల బిళ్ల, 8 పాళ్లే గల తడి ఆహారముకన్న మేలనుకొనుట పొరపాటు. నీరు తీసివేసి చూచిన మొదటిది ఇంచుమించు 24, రెండవది 40. బరువునకు వెల చూచునపుడును ఈ నీటిని మరువరాదు. తడి ఆహారమున అయిదుపాళ్లలో నాలుగుపాళ్లవరకు కొనునది నీరే.

ఇక శాసనము. 2007లో అమెరికాలోను కెనడాలోను ఆరుకోట్లకు పైబడిన డబ్బాలను, పొట్లములను వర్తకులు వెనుకకు తీసికొనవలసివచ్చెను. చైనానుండి వచ్చిన గోధుమసారములో, మాంసకృత్తులు అధికముగ నున్నట్లు పరీక్షలో చూపుటకై మెలమైను కలిపియుండిరి. మూత్రపిండములు చెడి అనేక జంతువులు చచ్చిన తరువాత గాని గుట్టు బయటపడలేదు. అట్టిది ఇచ్చట జరిగినచో? మన 2006 నాటి ఆహారభద్రతా చట్టము మూడవ సెక్షనులో ఆహారమునకు నిర్వచనము చేయుచు, పశువుల మేతను దానినుండి మినహాయించినది. భారతీయ ప్రమాణముల సంస్థవారు కుక్కల, పిల్లుల ఆహారమునకు ఐ.ఎస్. 11968 అను ప్రమాణము వ్రాసియున్నారు. అనుసరించుట మాత్రము వర్తకుని యిష్టమునకు విడువబడినది. మైనరు ఆస్తిని చూచు గార్డియనును ప్రతి పైసకు జవాబుదారిని చేయు మన శాసనము, నోరులేని ప్రాణి కడుపునకు పోవుదానిని ఇట్లు వదలివేయుట మాకు సమంజసముగ తోచదు. ఆ ప్రమాణమును నిర్బంధము చేయవలెను. పోషకముల పాళ్లును, నీటి పాలును తెలుగులోగూడ సంచిపై ముద్రింపవలెనని మేము కోరుచున్నాము.

అంతవరకు చేతనున్న ఆయుధము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. దానిననుసరించి తప్పుదారి పట్టించు ప్రకటనకు కేంద్ర ప్రాధికారసంస్థవారు పది లక్షల రూపాయలవరకును, మరల చేసినచో ఏబది లక్షలవరకును జరిమానా విధింపవచ్చును. ఫిర్యాదును ఢిల్లీకే పంపనక్కరలేదు. జిల్లా కలెక్టరునకు ఇచ్చినను చెల్లును. సంచిపై వ్రాసిన గొప్పకు ఆధారమేమని వర్తకుని వ్రాతమూలమున అడుగుడు. జవాబు రాకున్నచో ఆ ఉత్తరపు నకలే మీ మొదటి సాక్ష్యము. సంచిని పారవేయక, కొన్న రసీదుతో సహా దాచియుంచుడు.